ఓటమి సాకులు: ఒక శాస్త్రీయ పరిశీలన

వీడియో గేముల లోకంలో పోరాట క్రీడలుగా పేరుపడిన ఆటల నియమం పైకి ఎంతో సరళంగా కనిపిస్తుంది. తెర మీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడతారు, ఒక్కొక్కరి ప్రాణాన్ని సూచిస్తూ పైన ఒక్కో పట్టీ ఉంటుంది, ఎవరి పట్టీ ముందుగా ఖాళీ అయితే వారు ఓడినట్టు లెక్క. ఇందులో జట్టు ఉండదు, అంపైరు ఉండడు, టాస్ ఉండదు, పిచ్ పగలదు, వాన పడదు. అంటే మన దేశంలో ఆట ఓడినవారు తరతరాలుగా ఆధారపడుతూ వచ్చిన కారణాలలో ఒక్కటి కూడా ఇక్కడ అందుబాటులో ఉండదు. అయినప్పటికీ ఈ ఆటల్లో ఓడినవారు సాకుల కొరతతో బాధపడిన దాఖలాలు ఎక్కడా లేవు. ఓటమికీ సాకుకూ మధ్య వ్యవధి, ఓడినవాడి వేళ్ల వేగంతో పోలిస్తే, ఎప్పుడూ తక్కువగానే నమోదవుతుంది.

ఈ సాకులను వర్గీకరించి, ఒక్కొక్కదాన్నీ విప్పి చూస్తే ఒక విచిత్రమైన సంగతి తేలుతుంది. ప్రతి సాకులోనూ ఆ ఆటకు సంబంధించిన వ్యూహసూత్రం ఒకటి సంపూర్ణంగా ఇమిడి ఉంటుంది. ఓడినవాడు దాన్ని తన నోటితోనే చెబుతాడు, తన చెవితో మాత్రం వినడు. కనుక ఈ ఆటల వ్యూహాన్నీ, దాని పై అంతస్తైన మెటాగేమ్‌నూ అర్థం చేసుకోవాలంటే విజేతల ఉపన్యాసాల కంటే పరాజితుల ఫిర్యాదులే నమ్మదగిన ఆకరాలు. మెటాగేమ్ అంటే ఆటకు వెలుపల నడిచే ఆట: ఏ పాత్రను ఎంచుకోవాలి, ఎదుటివాడు దేనితో వస్తాడు, ఈ కాలంలో ఎక్కువమంది ఏ ఎత్తును నమ్ముకున్నారు, దానికి విరుగుడేమిటి అని ఆటగాళ్ల లోకమంతా కలిసి, ఎక్కువగా ఒకరినొకరు తిట్టుకుంటూ చేసే సామూహిక ఆలోచన. వాడుకలో దీన్ని మెటా అని కుదిస్తారు.

ఈ శాస్త్రానికి ఆదిగ్రంథం అనదగినది 1991లో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల కోసం విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2. ఎంచుకోవడానికి ఎనిమిది పాత్రలు, గుద్దులకు మూడు, తన్నులకు మూడు చొప్పున ఆరు బటన్లు, పాత్రను కదిపే ఒక కర్ర, ఇంతే సామగ్రి. యంత్రంతో కాక పక్కన నిలబడ్డ మనిషితో పోటీపడడాన్నే ప్రధాన ఆకర్షణగా మార్చడం ఈ ఆట సాధించిన విప్లవం. యంత్రం చేతిలో ఓడినప్పుడు నాణెం మాత్రమే పోయేది, మనిషి చేతిలో ఓడినప్పుడు పరువు కూడా పోవడం మొదలైంది. సాకుల సాహిత్యం ఆ నాటి నుంచే వర్ధిల్లింది.

కాలక్రమంలోనూ, వాడుకలోనూ మొదటి స్థానం పొందవలసిన సాకు "వాడు చూడకుండా బటన్లన్నీ కుమ్మేశాడు" అనేది. దీనిలోని సూత్రాన్ని గ్రహించాలంటే ఫ్రేము అనే కొలమానం తెలియాలి. తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. ఆ ఒక్కో మార్పు ఒక ఫ్రేము. ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి: చేయి లేచే దశ, తగిలే దశ, చేయి వెనక్కి వచ్చే దశ. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో చాలా పాత్రల చిన్న గుద్దు 4 ఫ్రేముల్లో, అనగా సెకనులో పదిహేనో వంతులో ఎదుటివాడిని చేరుతుంది. కన్ను చూసి, మెదడు గుర్తించి, వేలు కదలడానికి మనిషికి సుమారు పావు సెకను, అనగా 15 ఫ్రేములు పడుతుంది. కాబట్టి చిన్న గుద్దును "చూసి ఆపాను" అని ఎవరైనా చెబితే అది శరీరధర్మ శాస్త్రానికి విరుద్ధమైన ప్రకటన. అదే గాలిలోకి ఎగిరిన శత్రువు నేలకు దిగడానికి సుమారు 40 ఫ్రేములు తీసుకుంటాడు గనుక అతన్ని తాపీగా చూసి, దిగే చోటు లెక్కగట్టి, స్వాగతం పలకవచ్చు. ఆ విధంగా ఈ ఆటలోని సమస్త చర్యలూ రెండు జాతులుగా విడిపోతాయి: చూసి బదులివ్వగలిగినవి, ఊహించి మాత్రమే బదులివ్వగలిగినవి. మంచి ఆటగాడు చేసే పనల్లా ఎదుటివాడి చర్యలను మొదటి జాతిలోకి, తన చర్యలను రెండో జాతిలోకి నెట్టుకుంటూ పోవడమే.

ఈ వెలుగులో చూస్తే బటన్లు కుమ్మేవాడి పరిస్థితి జాలి గొలిపేదిగా ఉంటుంది. అతను ఎప్పుడూ ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటాడు గనుక అతని గురించి ఊహించవలసింది ఏమీ ఉండదు. అతని పెద్ద దెబ్బను కాచుకుని, చేయి వెనక్కి వచ్చే మూడో దశలో తిరిగి కొట్టడమే దానికి తగిన వైద్యం. షోర్యుకెన్ అనే పేరున్న పైకెగిరే గుద్దును నమ్ముకున్నవాడైతే వైద్యం మరీ సులభం. ఆ గుద్దు లేచేటప్పుడు ఎదురులేనిదే గాని, కాచుకుంటే మాత్రం, కొట్టినవాడు గాలిలో నుంచి నింపాదిగా, నిరాయుధుడిగా, పశ్చాత్తాపానికి చాలినంత సమయం తీసుకుని కిందికి దిగుతాడు. అంటే "చూడకుండా కుమ్మినవాడి చేతిలో ఓడిపోయాను" అనే వాక్యానికి నిష్పాక్షికమైన అర్థం, "లోకంలో అందరికంటే తేలికగా ఊహించదగిన మనిషిని ఊహించలేకపోయాను" అని మాత్రమే.

రెండో సాకు "ఎత్తి పడేయడం తొండి" అనేది. కాచుకుని కూర్చున్నవాడిని పట్టుకుని విసిరేయడం ఈ ఆటల్లో ఆది నుంచీ ఉన్న చర్య. కానీ తొలి రోజుల్లో అనేక ఆర్కేడ్లలో దాన్ని అమర్యాదగా పరిగణించేవారు. గుద్దడం, తన్నడం, నిప్పుముద్దలు విసరడం సంస్కారవంతమైన చర్యలుగానూ, చేయి పట్టుకోవడం మాత్రం నీచంగానూ భావించే ఒక విలక్షణ నీతిశాస్త్రం అక్కడ వెలిసింది. గేముల రూపకర్త, స్వయంగా పోటీ ఆటగాడు అయిన అమెరికన్ రచయిత డేవిడ్ సర్లిన్ "ప్లేయింగ్ టు విన్" అనే పుస్తకంలో ఈ రకం ఆటగాళ్లను తీరిగ్గా దులిపిపెట్టాడు. ఆటలో లేని నియమాలను తన మనసులో రాసుకుని, ఎదుటివాడు వాటిని పాటించలేదని అలిగేవాడు తన చేతులు తానే కట్టేసుకున్నాడని ఆయన వాదన సారాంశం.

ఎత్తి పడేయడం లేకపోతే ఆట ఏమవుతుందో చూస్తే ఆ చర్య గౌరవం తెలుస్తుంది. దెబ్బను కాపు ఆపుతుంది, కాపును పట్టు ఛేదిస్తుంది, పట్టడానికి దగ్గరికి వచ్చినవాడిని దెబ్బ పడగొడుతుంది. ఈ ముక్కోణంలో ఒక మూలను నీతి పేరుతో కొట్టివేస్తే కాపుకు శత్రువు లేకుండా పోయి, ఇద్దరు ఆటగాళ్లూ మూలకు ఒదిగి కూర్చుని గడియారం వంక చూసుకోవలసి వస్తుంది. పైగా ఈ మూడు చర్యల ఫలం సమానంగా ఉండకపోవడంలోనే అసలు రుచి ఉంది. ఉదాహరణకు, దాడి చేసేవాడి చేతిలో రెండే ఎంపికలున్నాయని అనుకుందాం: దెబ్బ లేదా పట్టు. రక్షించుకునేవాడికీ రెండే: కాపు లేదా పట్టు విడిపించుకోవడం. దెబ్బ తగిలితే 4 వంతుల ప్రాణం పోతుంది, పట్టు చిక్కితే 1 వంతే పోతుంది, సరిగ్గా ఊహించి రక్షించుకుంటే ఏమీ పోదు. అప్పుడు దాడి చేసేవాడు దేన్ని ఎక్కువసార్లు వాడాలి?

దెబ్బనే అని లోకం అంటుంది. లెక్క మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధంగా తేలుతుంది. ఎదుటివాడు ఏ రక్షణ ఎంచుకున్నా తనకు వచ్చే సగటు ఫలం ఒకటిగానే ఉండాలంటే దాడి చేసేవాడు ప్రతి ఐదుసార్లలో నాలుగుసార్లు బలహీనమైన పట్టునే వాడాలి, బలమైన దెబ్బను ఒక్కసారే వాడాలి. రక్షించుకునేవాడు ఐదింట నాలుగుసార్లు కాచుకోవాలి. కారణం స్పష్టం: పెద్ద దెబ్బ భయంతో ఎదుటివాడు ఎక్కువగా కాచుకుంటాడు, కాచుకున్నవాడి మీద పట్టే పనిచేస్తుంది. పెద్ద దెబ్బ ఎక్కువ భాగం వాడకుండానే తన పని తాను చేసుకుపోతుంది. ఇటువంటి ఇద్దరి ఆటల్లో ఎత్తులను తగిన పాళ్లలో కలిపి వాడడం వల్ల ఎవరూ దోచుకోలేని స్థితి ఒకటి ఏర్పడుతుందని గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ 1928లోనే గణితపరంగా నిరూపించాడు. ఆయన ఎవరినీ మూలకు నెట్టి ఎత్తి పడేసినట్టు చరిత్రలో లేదు గాని, పడేసేవారి పక్షాన గణితం ఉందని మాత్రం ఆయన వల్లనే తేలింది.

మూడో సాకు "వాడిది గుడ్డి లక్కు, ఊహించి కొట్టాడు" అనేది. ఈ సాకు చెప్పేవాడు సత్యానికి చాలా దగ్గరగా వచ్చి, తలుపు తట్టకుండానే వెనుదిరిగినవాడు. ఊహించి కొట్టడమే ఈ ఆట అని పైన తేలింది గనుక, అభియోగంలో మిగిలింది "లక్కు" అనే ఒక్క మాటే. మనిషి లెక్కల యంత్రం కాడు, ఐదింట నాలుగుసార్లు అని పాచిక వేసి ఆడలేడు, అతనికి అలవాట్లుంటాయి. రెండుసార్లు దెబ్బ తిన్నవాడు మూడోసారి కాచుకుంటాడు, ఓడిపోయేవాడు చివరి క్షణాల్లో ఎగురుతాడు, కింద పడి లేచేవాడు అవమానం భరించలేక లేస్తూనే షోర్యుకెన్ కొడతాడు. ఈ అలవాట్లను మొదటి రౌండులోనే గమనించి పెట్టుకోవడాన్ని ఆటగాళ్లు డౌన్‌లోడ్ చేయడం అంటారు. తాము కావాలనే రెండుసార్లు ఒకే పని చేసి, మూడోసారి కూడా అదే జరుగుతుందని ఎదుటివాడు నమ్మేలా మలచడం అంతకంటే పై విద్య. అది పండితే, చిన్న దెబ్బలు తిని నేర్చుకున్న పాఠానికి ఎదుటివాడు పెద్ద దెబ్బ రూపంలో ఫీజు చెల్లిస్తాడు.

ఈ పరస్పర ఊహకు జపాను ఆటగాళ్లు వాడే పేరు యోమి, అనగా మనసు చదవడం. వాడు లేస్తూనే కొడతాడని వీడు కాచుకుంటాడు. వీడు కాచుకుంటాడని వాడు పట్టుకుంటాడు. వాడు పట్టుకుంటాడని వీడు ముందే చిన్న గుద్దు వేస్తాడు. వీడు గుద్దు వేస్తాడని వాడు లేస్తూనే కొడతాడు. నాలుగో మెట్టు ఎక్కేసరికి మొదటి మెట్టే మళ్లీ ఎదురవుతుంది గనుక, ఈ మెట్లకు అంతులేదేమోనని కంగారుపడనక్కరలేదని సర్లిన్ వివరించాడు. నిజమైన నైపుణ్యం ఎన్ని మెట్లు ఎక్కడమన్నదానిలో లేదు, ఎదుటివాడు ఏ మెట్టు మీద ఉన్నాడో కనిపెట్టి సరిగ్గా ఒక మెట్టు మాత్రమే పైన నిలవడంలో ఉంది. మహా మేధావులు కొత్తవారి చేతిలో ఓడిపోవడానికి కారణం కూడా ఇదే. కొత్తవాడు మొదటి మెట్టు మీద నిలబడి బటను నొక్కుతుండగా మేధావి మూడు మెట్లు పైన, అతను చేయని ఆలోచనకు విరుగుడు వెతుకుతూ ఉంటాడు.

నాలుగో సాకు "మగాడిలా ముందుకు రాకుండా దాక్కుని ఆడాడు" అనేది. స్ట్రీట్ ఫైటర్ 2లో గైల్ అనే అమెరికా సైనికుడి పాత్ర దీనికి మూలపురుషుడు. అతని గాలి కోత విసరాలంటే ముందు కొంతసేపు కర్రను వెనక్కి పట్టి ఉంచాలి, ఎగిరేవారిని పడగొట్టే అతని తన్ను కోసం కిందికి పట్టి ఉంచాలి. రెండూ కలిపితే వెనక్కీ కిందికీ ఒదిగి కూర్చోవడమే అతని సహజ భంగిమ అవుతుంది, కాపు కూడా అదే భంగిమలో ఉంటుంది. కాబట్టి గైల్ కదలకుండా కూర్చోవడం పిరికితనం కాదు, తుపాకీ నింపుకోవడం. ఎదుటివాడిని దూరంగా ఉంచి అతనే తప్పు చేసేలా విసిగించడం, ఒక్క దెబ్బ ఆధిక్యం రాగానే తలుపులు మూసుకుని గడియారాన్ని పనిలోకి దింపడం ఈ ఆటల్లో సంపూర్ణంగా న్యాయసమ్మతమైన వ్యూహాలు.

ఈ వ్యూహానికి జరిగిన అత్యంత ప్రసిద్ధమైన పరాభవం 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఈవో అనే వార్షిక పోటీలో నమోదైంది. ఆట 1999లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. ఓపికకు పేరుపడ్డ అమెరికన్ జస్టిన్ వాంగ్ చున్-లీ పాత్రతోనూ, జపాన్‌కు చెందిన డైగో ఉమెహారా కెన్ పాత్రతోనూ తలపడ్డారు. కెన్‌కు ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. ప్రత్యేక దెబ్బలను కాచుకున్నా కొద్దిగా ప్రాణం పోతుందన్నది ఈ ఆటల నియమం గనుక, వాంగ్ చున్-లీ మహా తన్నుల వరుసను వదిలాడు. కాచుకున్నా చావే, ఎంతో సబబైన నిర్ణయం. కానీ ఈ ఆటలో ప్యారీ అనే చర్య ఒకటుంది: దెబ్బ తగలబోయే రెప్పపాటులో వెనక్కి కాక ముందుకు, అనగా దెబ్బకేసి కర్ర నెడితే ప్రాణం ఏమీ పోదు, ఆ క్షణం తప్పితే మాత్రం కాపు కూడా ఉండదు. డైగో 15 తన్నులను వరుసగా అలా తోసిపుచ్చి, చివరిదాన్ని గాలిలోకి ఎగిరి మరీ తోసిపుచ్చి, తిరుగుదాడితో ఆట ముగించాడు. హాలంతా కేకలతో లేచి నిలబడ్డ ఆ దృశ్యాన్ని కంప్యూటర్ తెరల మీద చూసి లక్షలమంది పరవశించారు. ఆ పోటీ ఫైనల్లో డైగో ఓడిపోయాడన్న సంగతి ఆ పరవశంలో ఎవరికీ పట్టలేదు. విజేత జపాన్‌కే చెందిన కెంజి ఒబాటా. సాకులు అవసరం లేని ఓటమి చరిత్రలో బహుశా అదొక్కటే.

ఇందులో వేళ్ల మహిమ కంటే గమనించవలసింది ఆలోచన. మొదటి తన్నును చూసి స్పందించడం దాదాపు అసాధ్యం గనుక, వాంగ్ ఆ ఎత్తు వేయక మానడని డైగో ముందే తేల్చుకుని, కర్రను సిద్ధంగా ఉంచుకున్నాడు. దాక్కున్నవాడికి గెలవడానికి ఒకే ఒక్క మంచి దారి మిగిలినప్పుడు ఆ దారి చివర నిలబడడం మేలు. ఆ డైగోయే ఆ తరువాత ఆటలు మాని, మాజాంగ్ అనే పలకల ఆటను జీవనోపాధిగా ప్రయత్నించి, అది కూడా వదిలి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసి, మళ్లీ ఆర్కేడుకే తిరిగివచ్చాడు. మనసులు చదివే విద్యకు ఉద్యోగావకాశాలు అంతంతమాత్రమే అన్నది దీని వల్ల తేలే ఉపసూత్రం.

ఐదో సాకు "అది ఆట కాదు, బగ్గు" అనేది. ఈ సాకు చెప్పేవారు తప్పక తెలుసుకోవలసిన చారిత్రక సత్యం ఒకటుంది. ఒక దెబ్బ నుంచి కోలుకోకముందే మరో దెబ్బ తగిలేలా గుదిగుచ్చే కాంబో అనే విద్య లేకుండా నేడు పోరాట క్రీడను ఊహించలేము. ఆ విద్యే ఒక పొరపాటుగా పుట్టింది. స్ట్రీట్ ఫైటర్ 2 నిర్మాణ సమయంలో, కారును పగలగొట్టే ఒక ఉపఘట్టాన్ని పరిశీలిస్తున్న నిర్మాత నోరిటాకా ఫునమిజు, దెబ్బల మధ్య తప్పించుకోలేని అతుకు ఒకటి ఏర్పడుతోందని గమనించి, అంత సూక్ష్మమైన వేళను ఎవరూ పట్టుకోలేరులెమ్మని దాన్ని అలాగే వదిలేశాడు. పట్టుకోలేరని ఆయన భావించినదాన్ని జనం పట్టుకుని, దాని మీదే ఒక జాతి ఆటలను నిర్మించుకున్నారు. అంటే లోపానికీ వ్యూహానికీ తేడా పుట్టుకలో ఉండదు, ఫలితంలో ఉంటుంది. ఆటగాడి ముందున్న ఎంపికలను పెంచితే అది వ్యూహం, చంపితే అది లోపం. 1994 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో రహస్యంగా దాచిన అకుమా అనే పాత్ర గాలిలో నుంచి విసిరే నిప్పుముద్దలకు ఇతర పాత్రల వద్ద తగిన జవాబు లేకపోవడంతో పోటీల నిర్వాహకులు అతన్ని వెలివేశారు. తొండి అనే మాటకు అధికారిక ముద్ర పడిన అరుదైన సందర్భాలలో ఇదొకటి.

ఆరో సాకు, అత్యంత విద్వత్తుతో కూడినది, "పాత్ర బలం వల్ల గెలిచాడు గాని వాడిలో ఏముంది" అనేది. పాత్రలను బలాన్ని బట్టి అంతస్తులుగా పేర్చే జాబితాలు, ఏ పాత్ర ఏ పాత్ర మీద పదింట ఎన్నిసార్లు గెలుస్తుందో చెప్పే పట్టికలు మెటాలో నిత్యపారాయణ గ్రంథాలు. ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. గోదావరి జిల్లాల పందెంరాయుళ్లు, చట్టం ఒప్పుకోకపోయినా, సంక్రాంతికి సంప్రదించే కుక్కుట శాస్త్రం చేసేది అక్షరాలా ఇదే: ఏ రోజున డేగ నెగ్గుతుంది, ఏ వేళలో నెమలి మీద కాకిని దించాలి, పింగళకు ఎప్పుడు కలిసివస్తుంది అని రంగులవారీగా గెలుపోటములను నిర్ణయించే పట్టిక. రెండు శాస్త్రాలకూ ఉన్న తేడా ఒక్కటే. కోడి శాస్త్రం చదవదు, ఆటగాడు చదువుతాడు.

మెటాగేమ్ మర్మమంతా ఆ ఒక్క తేడాలోనే ఉంది. ఒక పాత్ర అన్నింటికంటే బలమైనదని పట్టిక చెప్పగానే అందరూ దాన్నే ఎంచుకుంటారు. అందరూ ఎంచుకున్నారు గనుక మిగిలినవారు రాత్రింబగళ్లు దానికి విరుగుడే సాధన చేస్తారు. విరుగుడు దొరకగానే ఆ పాత్ర కిందికి జారుతుంది, విరుగుడుగా పనికొచ్చిన అనామక పాత్ర పైకి వస్తుంది, దానికి మళ్లీ విరుగుడు. పట్టికను నమ్మడమే పట్టికను అబద్ధం చేస్తుంది. అయితే ఈ చక్రం ప్రతిసారీ తిరుగుతుందన్న హామీ ఏమీ లేదు. 2000లో వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2లో 56 పాత్రలుంటే, పెద్ద పోటీల్లో మాగ్నెటో, స్టార్మ్, సెంటినెల్, కేబుల్ అనే నలుగురి చుట్టూనే ఏళ్ల తరబడి కథ నడిచింది. మిగిలినవారిలో కొందరు సహాయకులుగా కుదురుకున్నారు, ఎక్కువమంది ఎంపిక తెరను అలంకరించడానికి పరిమితమయ్యారు.

అదే సమయంలో, ఆట కదలకపోయినా జ్ఞానం కదులుతుందని చెప్పే సాక్ష్యం కూడా ఉంది. 2001 నాటి సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీలో యోషి అనే పాత్రతో పెద్ద పోటీ గెలవడం అసాధ్యమని రెండు దశాబ్దాలుగా స్థిరపడిన అభిప్రాయం. జపాన్‌కు చెందిన ఆమ్సా అనే ఆటగాడు ఏళ్ల తరబడి ఆ పాత్రనే అంటిపెట్టుకుని, 2022లో అమెరికాలోని బిగ్ హౌస్ పోటీని గెలిచాడు. ఈ ఇరవై ఏళ్లలో యోషి బలం ఒక్క రవ్వ కూడా పెరగలేదు. ఆ ఆటకు దిద్దుబాట్లు పంపే అలవాటే నిర్మాతలకు లేదు. మారింది యోషి గురించి మనుషులకు తెలిసినది మాత్రమే. కనుక "నా పాత్ర బలహీనం" అనే మాటకు చాలా సందర్భాల్లో సరైన పాఠం "నా పాత్ర గురించి నాకు తెలిసినది బలహీనం" అని చదువుకోవాలి.

ఏడో సాకు "ఇలాంటి ఆట ఎక్కడా చూడలేదు" అనేది. దీనికి అంతర్జాతీయ స్థాయి ఉదాహరణ లాహోరు నుంచి వచ్చింది. టెక్కెన్ అనే ఆటలో దక్షిణ కొరియా, జపాను ఆటగాళ్లదే రాజ్యమని లోకం నిశ్చింతగా ఉన్న కాలంలో, 2019 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకువోకాలో జరిగిన ఈవో జపాన్ పోటీకి పాకిస్థాన్ నుంచి అర్స్‌లాన్ యాష్ అనే అనామకుడు వచ్చి టెక్కెన్ 7 కిరీటం ఎత్తుకుపోయాడు. ఆగస్టులో లాస్ వేగాస్ వెళ్లి అక్కడి ఈవో కిరీటం కూడా తెచ్చుకున్నాడు. తమ దేశంలో ఇంకా గట్టివాళ్లు ఉన్నారని అతను చెప్పినప్పుడు అది వినయమో బెదిరింపో ఎవరికీ అర్థం కాలేదు. లోకంతో సంబంధం లేకుండా, వీసాలు దొరకక, తమలో తాము ఏళ్ల తరబడి కొట్టుకుంటూ పెరిగిన ఆ గుంపు తనదైన మెటాను తయారుచేసుకుంది. వారి అలవాట్లు లోకం పట్టికల్లో లేవు, లోకం అలవాట్లు మాత్రం వీడియోల రూపంలో వారి వద్ద ఉన్నాయి. ఈ సందర్భంలో సాకు చెప్పకుండా పని చూసుకున్నవాడు కొరియా దిగ్గజం బే జే-మిన్. అతను ఆ ఏడాదే మూటాముల్లె సర్దుకుని పాకిస్థాన్ వెళ్లి, తనను ఓడించిన ఆటను దాని పుట్టింట్లోనే చదువుకున్నాడు.

ఎనిమిదో సాకు "నెట్టు బాగోలేదు" అనేది. సాకులన్నింటిలో భౌతికశాస్త్రం మద్దతు గలది ఇదొక్కటే. హైదరాబాదులోని బావమరిదికీ డాలస్‌లోని బావకీ మధ్య భూగోళం మీద 14 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు గనుక, బావ గుద్దిన వార్త వచ్చి, బావమరిది జవాబు తిరిగి చేరడానికి ఎంత ఖరీదైన కనెక్షను పెట్టుకున్నా 8 ఫ్రేములకు తక్కువ పట్టదు. ఆ లోపల 4 ఫ్రేముల గుద్దులు రెండు పడిపోతాయి. ఈ చిక్కుకు ఈవో వ్యవస్థాపకుల్లో ఒకరైన టోనీ క్యానన్ పోరాట క్రీడల్లో ప్రచారంలోకి తెచ్చిన విరుగుడు రోల్‌బ్యాక్ అనే పద్ధతి. ఎదుటివాడి సందేశం అందేదాకా ఆగకుండా, అతను ఇప్పటిదాకా నొక్కుతున్నదే ఇంకా నొక్కుతూ ఉంటాడని యంత్రం ఊహించి ఆటను నడిపిస్తుంది. ఊహ తప్పితే చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లి దిద్దుకుంటుంది. మనుషులు అలవాటు ప్రకారమే నడుస్తారన్న ఒక్క నమ్మకం మీద ఆధారపడిన ఈ పద్ధతి ఇంత చక్కగా పనిచేయడం, మూడో సాకు చెప్పినవారు ఆలోచించవలసిన విషయం. యంత్రానికి దొరికిన అలవాటు ఎదుటివాడికి దొరకదా?

తొమ్మిదోది, చివరిది, "వయసైపోయింది, కుర్రాళ్ల వేళ్లతో పోటీపడగలమా" అనేది. దీనికి సమాధానంగా వాదం అక్కరలేదు, ఫలితాల పట్టిక చాలు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాంశంగా ఉంది. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు 44 ఏళ్లు. స్ట్రీట్ ఫైటర్ 2 ఆర్కేడ్లకు వచ్చిన నాటికి అతను బడిపిల్లవాడు. పతకం నాటికి ఈ ఆటల్లో దశాబ్దాలుగా ఓడుతూ, గెలుస్తూ, మనుషులను చదువుతూ వచ్చినవాడు. చూసి బదులివ్వవలసిన చోట కుర్రవాడికి రెండు మూడు ఫ్రేముల లాభం ఉండవచ్చు. ఊహించి బదులివ్వవలసిన చోట మాత్రం ఎన్ని మనసులు చదివి ఉన్నాడన్నదే లెక్క.

ఈ తొమ్మిది సాకులనూ ఒకచోట పేర్చితే పోరాట క్రీడల వ్యూహశాస్త్రానికి చక్కని విషయసూచిక తయారవుతుంది: ఫ్రేముల లెక్క, ఎత్తుల పాళ్లు, మనసు చదవడం, ఓపిక, ఆట హద్దులు, పాత్రల బలాబలాలు, ఊరూరి సంప్రదాయం, దూరం, అనుభవం. మెటా ముందుకు కదిలేది విజేతల వల్ల కాదు. గెలిచినవాడికి కొత్తగా వెతకవలసిన అవసరం ఉండదు. ఓడి, ఒళ్లుమండి, ఆ దెబ్బకు విరుగుడు కనిపెట్టేదాకా నిద్రపోనివాడి వల్లే అది కదులుతుంది. ఓడినవారిలో రెండు రకాలవారూ ఒకే మాటతో మొదలుపెడతారు, "అదెలా తగిలింది" అని. ఆశ్చర్యార్థకంగా అన్నవాడు సాకు దగ్గర ఆగిపోతాడు, ప్రశ్నగా అన్నవాడు ఆటగాడవుతాడు. కాబట్టి ఓడినవారు సాకులు మానుకోవాలని హితవు చెప్పడం అనవసరం, అసాధ్యం కూడా. చెప్పదలచిన సాకును నిరభ్యంతరంగా, గట్టిగా, నలుగురూ వినేలా చెప్పవచ్చు. చెప్పిన తరువాత ఆ మ్యాచి రికార్డింగు పెట్టుకుని, చెప్పినది నిజమో కాదో ఒక్కసారి చూసుకుంటే చాలు.